పదిహేనో అంతస్తులో ఫ్లాట్ కొనాలా, వద్దా? మీరే తూచి తేల్చుకునే పద్ధతి

"పై అంతస్తు మంచిదా, కింది అంతస్తు మంచిదా?", "మెయింటెనెన్స్ ఎంతుంటే ఎక్కువ అనాలి?", "ఇన్ని సౌకర్యాలున్నాయి కదా, ఇంకేం చూడాలి?" ఎత్తైన భవనంలో ఫ్లాట్ కొనబోయే వాళ్ళంతా తిప్పి తిప్పి అడిగేవి ఈ ప్రశ్నలే. వీటికి అందరికీ సరిపోయే జవాబు లేదు. మీ ఇంటికి సరిపోయే జవాబును మీరే రాబట్టుకునే పద్ధతి మాత్రం ఉంది.

ముందుగా ఒక మాట. గాలి, వెలుతురు, దూరాల దాకా కనిపించే దృశ్యం, సెక్యూరిటీ, శుభ్రంగా మెరిసే లాబీ... లాభాలన్నీ ఫ్లాట్ చూడ్డానికి వెళ్ళిన మొదటి అరగంటలోనే కనిపిస్తాయి. నష్టాలు అలా కనిపించవు. ఉదయం ఎనిమిదింటి రద్దీలోనో, కరెంటు పోయిన రాత్రో, గాలివానలోనో, భవనం కట్టిన పదేళ్ళకో బయటపడతాయి. అందుకే కింది అడుగుల్లో ఎక్కువ భాగం నష్టాలను వెతికి పట్టుకోవడానికే. లాభాల సంగతి అమ్మేవాళ్ళు ఎలాగూ చెబుతారు.

కావలసినవి

- కొలత టేపు. కనీసం 5 మీటర్లది
- సెకన్లు లెక్కపెట్టడానికి ఫోన్
- 10 లీటర్ల బకెట్, రెండు టిష్యూ పేపర్లు
- భవనం ఫ్లోర్ ప్లాన్, అసోసియేషన్ వారి గత మూడేళ్ళ జమాఖర్చులు, మీటింగుల మినిట్స్
- రెండు ఖాళీ కాగితాలు: ఒకటి మీకు, ఒకటి మీతో కలిసి ఆ ఇంట్లో ఉండబోయే వాళ్ళకు
- మూడు వేర్వేరు సమయాలు: పనిదినం ఉదయం, రాత్రి పది తర్వాత, వీలైతే వాన పడిన మర్నాడు

ఇంకా కడుతున్న భవనమైతే కొన్ని పరీక్షలు కుదరవు. అప్పుడు అదే బిల్డర్ అంతే ఎత్తులో కట్టి, జనం కాపురముంటున్న పాత భవనానికి వెళ్ళి ఆ పరీక్షలు చేయండి. నమూనా ఫ్లాట్‌లో చేస్తే ఏమీ తెలియదు. అందులో పైపుల్లో నీళ్ళు కూడా ఉండకపోవచ్చు.

1. "ఇది ఉంటే వద్దు" జాబితా ముందే రాసుకోండి

ఫ్లాట్ చూడకముందే రాయాలి. చూశాక రాస్తే నచ్చిన ఫ్లాట్‌కు అనుకూలంగా రాసేస్తారు. జాబితా మూడు నుంచి ఐదు అంశాలు దాటకూడదు. ఉదాహరణకు: మెట్లు ఎక్కలేని మనిషి ఇంట్లో ఉండి, జనరేటర్ మీద ఒక్క లిఫ్టయినా నడవకపోతే వద్దు. బయటికి దిగే మెట్ల దారి ఒక్కటే ఉంటే వద్దు. నెలవారీ ఖర్చంతా కలిపి రాబడిలో మీరు పెట్టుకున్న వంతు దాటితే వద్దు.

ఎన్నేళ్ళు ఉంటారో కూడా రాయండి. ఐదేళ్ళలోపే మారే అవకాశముంటే రిజిస్ట్రేషన్, బ్రోకరేజీ, లోన్ ఖర్చులు ఆ కొద్ది ఏళ్ళ మీదే పడతాయి. అలాంటప్పుడు చాలామందికి అద్దె ఇల్లే లాభం.

2. అసలు విస్తీర్ణం కొలవండి

ఎత్తు పెరిగేకొద్దీ లిఫ్టులు, మెట్లు, పైపుల షాఫ్ట్‌లు, పంపు గదులు, లాబీలు ఎక్కువ చోటు తింటాయి. ఆ చోటంతా సూపర్ బిల్టప్ ఏరియా రూపంలో మీ లెక్కలోకే వస్తుంది. టేపుతో ప్రతి గదినీ గోడ నుంచి గోడకు కొలిచి కూడండి.

తరవాత చిన్న భాగహారం. అమ్మే లెక్క 1,500 చదరపు అడుగులు, మీరు కొలిచింది 1,000 అనుకుందాం. వాడుకునే ప్రతి అడుగుకూ ప్రకటించిన ధరకు ఒకటిన్నర రెట్లు కడుతున్నారన్నమాట. నాలుగంతస్తుల భవనంలో అదే 1,000 అడుగులు 1,250 లెక్కన అమ్ముతుంటే అక్కడ ఆ రెట్టు 1.25 మాత్రమే. రెండు ఫ్లాట్లను ఎప్పుడూ కార్పెట్ ఏరియా (గోడల లోపల నిజంగా వాడుకునే చోటు) ధరతోనే పోల్చండి. మెయింటెనెన్స్‌ను సూపర్ బిల్టప్ మీద వేస్తున్నారా, కార్పెట్ మీదనా అన్నదీ ఇక్కడే అడగండి. ప్రతి నెలా ఆ తేడా కడతారు.

భూమిలో మీకు వచ్చే అవిభక్త వాటానూ చూడండి. అదే స్థలం మీద ఎన్ని ఎక్కువ ఫ్లాట్లుంటే ఒక్కో ఫ్లాట్‌కు అంత తక్కువ భూమి. భవనం పాతబడుతుంది, విలువ నిలిచేది భూమిదే. ఎత్తైన భవనం మీద వచ్చే అభ్యంతరాల్లో అన్నిటికన్నా బరువైనది ఇదేనని నా అభిప్రాయం. అందరికన్నా తక్కువగా అడిగేదీ ఇదే.

3. లిఫ్టు దగ్గర అరగంట కూర్చోండి

పనిదినం ఉదయం, బడికీ ఆఫీసుకీ బయల్దేరే వేళ, మీరు కొనబోయే అంతస్తులోనే నిలబడండి. బటన్ నొక్కి, తలుపు తెరుచుకునే వరకు సెకన్లు లెక్కపెట్టండి. పదిసార్లు చేసి సగటు తీయండి. నిమిషం లోపైతే బాగుంది. నిమిషన్నర దాటితే రోజూ విసుగే. నిండుగా వచ్చి ఆగకుండా వెళ్ళిపోయిన లిఫ్టును "వచ్చినట్టు" రాయకండి. ఎక్కగలిగేదాకా లెక్కపెట్టాల్సిందే.

తరవాత లిఫ్టుల సంఖ్యలోంచి ఒకటి తీసేయండి. రిపేరులోనో, సామాన్లు మోస్తూనో ఎప్పుడూ ఒకటి పక్కన పడి ఉంటుంది. మిగిలిన వాటితో మొత్తం ఫ్లాట్లను భాగించండి. ఒక్కో లిఫ్టుకు 50 నుంచి 60 ఇళ్ళు దాటితే జాగ్రత్త పడండి. భవనం సగమే నిండి ఉంటే ఇప్పుడు మీరు కొలిచిన నిరీక్షణ నిజమైంది కాదు. నిండాక పెరుగుతుంది.

ఇంకో మూడు చూడండి. స్ట్రెచర్ పడుకోబెట్టి తీసుకెళ్ళగలిగే లిఫ్టు ఒక్కటైనా ఉందా? కొలవండి, లోపలి లోతు 2 మీటర్లకు పైగా ఉండాలి. కరెంటు పోతే జనరేటర్ మీద ఎన్ని లిఫ్టులు నడుస్తాయి? మీ సోఫా, బీరువా అందులో పడతాయా?

చివరగా, ఆ అంతస్తు నుంచి మెట్ల మీద దిగండి, ఒకసారి ఎక్కండి కూడా. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళ వేగంతోనే అంచనా వేయండి.

4. నీళ్ళు

నీటికి లెక్క తేలిక. 10 మీటర్ల ఎత్తుకు దాదాపు 1 బార్ ఒత్తిడి. అంతస్తుకు 3 మీటర్ల చొప్పున 30 అంతస్తులంటే 90 మీటర్లు. పైన ఒకే ట్యాంకు పెట్టి ఒకే పైపు వేస్తే అట్టడుగున 9 బార్లు. కుళాయిలు, ఫ్లెక్సిబుల్ పైపులు, గీజర్లు అంత ఒత్తిడికి ఎక్కువ కాలం నిలవవు. అందుకే మంచి భవనాల్లో ఎత్తును మండలాలుగా విడగొట్టి, మధ్యలో ప్రెషర్ తగ్గించే వాల్వులు పెడతారు. ఇంటి కుళాయికి 1.5 నుంచి 3 బార్లు హాయిగా ఉంటుంది.

చిక్కు రెండు చోట్ల వస్తుంది. ట్యాంకుకు సరిగ్గా కిందనున్న రెండు మూడు అంతస్తుల్లో ఒత్తిడి మరీ తక్కువ, ఒక అంతస్తు ఎత్తుకు 0.3 బారే. అక్కడ ఒత్తిడి పెంచే బూస్టర్ పంపు ఉండాలి. ప్రతి మండలంలో అట్టడుగు అంతస్తుల్లో ఒత్తిడి మరీ ఎక్కువ. వాల్వు పాడైతే దెబ్బ పడేది వాళ్ళకే.

పరీక్ష: షవర్ పూర్తిగా తిప్పి బకెట్ నింపండి. 10 లీటర్లు నిమిషంలో నిండితే బాగుంది. రెండు నిమిషాలు దాటితే తక్కువ. షవర్ నడుస్తుండగానే ఫ్లష్ చేయండి, వంటింటి కుళాయి తిప్పండి. ధార సగానికి పడిపోతే రోజూ అదే అనుభవం. ఉదయం రద్దీలో చేస్తేనే ఈ పరీక్షకు అర్థముంది, మధ్యాహ్నం మూడింటికి అన్ని భవనాల్లోనూ నీళ్ళు బాగానే వస్తాయి.

5. మంటల నుంచి బయటపడే దారి

ఈ అడుగు దాటేయకండి. నిచ్చెనలున్న మామూలు ఫైరింజన్లు ఎక్కువగా 30 మీటర్ల వరకే అందుతాయి, అంటే పదో అంతస్తు దగ్గర. అంతకు పైన మీ రక్షణ మొత్తం భవనంలోని ఏర్పాట్ల మీదే ఉంటుంది. 2017 జూన్‌లో లండన్‌లోని 24 అంతస్తుల గ్రెన్‌ఫెల్ టవర్‌లో వంటింటి ఫ్రిజ్ దగ్గర మొదలైన మంట బయటి గోడకు తాపిన ప్యానెళ్ళ మీదుగా భవనమంతా పాకింది. 72 మంది చనిపోయారు. ఆ ప్యానెళ్ళ లోపలి పొర పాలిథిలిన్ అనే మండే ప్లాస్టిక్, భవనానికి మెట్ల దారి ఒక్కటే.

చూడాల్సినవి:

- మెట్లు రెండు చోట్ల, దూరదూరంగా ఉన్నాయా? పక్కపక్కనే ఉంటే పొగ రెండింటినీ ఒకేసారి నింపుతుంది.
- మెట్ల తలుపును పూర్తిగా తెరిచి వదలండి. దానంతటది మూసుకుని గొళ్ళెం పడాలి. ఇటుక పెట్టి తెరిచి ఉంచారంటే ఆ తలుపు లేనట్టే.
- మెట్ల మీద సైకిళ్ళు, చెప్పుల స్టాండ్లు, పాత పరుపులు ఉన్నాయా? ఒక అంతస్తు చూసి ఊరుకోకండి, నాలుగైదు చూడండి.
- కింద ఫైర్ పంపు గదిలో స్విచ్ "ఆటో" మీద ఉందా, "ఆఫ్" లోనా? ప్రెషర్ మీటరు ముల్లు సున్నా దగ్గర ఉంటే పైపుల్లో నీళ్ళు లేవు.
- బయటి గోడకు ప్యానెళ్ళు తాపి ఉంటే, లోపలి పొర మంట అంటుకోని రకమని ధ్రువపత్రం అడగండి. "కంపెనీ సరుకండీ" అంటే అది జవాబు కాదు.

ఫైర్ పంపు గది చూపించడానికి నసిగితే, ఎందుకని అడగండి. రెండోసారీ నసిగితే "వద్దు" జాబితాలో వేయండి.

6. అంతస్తు ఎంపిక

ఎత్తుకెళ్ళే కొద్దీ దోమలు, వీధి దుమ్ము తగ్గుతాయి, వెలుతురు పెరుగుతుంది. చల్లదనం మాత్రం పెరగదు. గాలి ఉష్ణోగ్రత 100 మీటర్లకు సగటున ఒక డిగ్రీ లోపే తగ్గుతుంది, అది మీకు తెలియను కూడా తెలియదు. పై అంతస్తు ఫ్లాట్‌లో హాయి గాలి వల్ల వస్తుంది. చివరి అంతస్తులో కప్పు ఎండకు కాగి ఆ హాయిని కూడా తినేస్తుంది.

గాలి విషయంలో ఒకటి గుర్తుంచుకోండి: గాలి ఒత్తిడి వేగపు వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు. అందుకే పైన తలుపులు ధడేల్మంటాయి, బాల్కనీలో బట్టలు నిలవవు, వాన నీరు కిటికీ ఫ్రేముల సందుల్లోంచి లోపలికి వస్తుంది. కిటికీ కింది మూలల్లో ఉబ్బిన పెయింటు, గోధుమరంగు మరకలు వెతకండి. కొత్తగా వేసిన పెయింటు కిటికీల చుట్టూ మాత్రమే ఉంటే అది శుభ్రత కోసం వేసింది కాకపోవచ్చు.

శబ్దం ఎత్తుతో పాటు తగ్గుతుందనుకోవడం చాలామంది పొరపాటు. కింది అంతస్తులకు ప్రహరీ, చెట్లు కాస్త అడ్డుగా ఉంటాయి. మధ్య అంతస్తులకు రోడ్డు నేరుగా ఎదురుగా ఉంటుంది. రాత్రి పది తర్వాత వెళ్ళి, కిటికీ తీసి పది నిమిషాలు, మూసి పది నిమిషాలు వినండి. పంపు గది, జనరేటర్, లిఫ్టు యంత్రం గది, జిమ్... వీటికి ఆనుకుని గానీ, సరిగ్గా పైనా కిందా గానీ పడకగది ఉంటే ఆ ఫ్లాట్ వదిలేయడం మేలు. ఆ ధ్వని గోడల్లోంచి వస్తుంది, కిటికీ మార్చినా పోదు.

బాత్రూంలో ఎగ్జాస్ట్ జాలీ దగ్గర టిష్యూ పేపర్ పెట్టండి. జాలీ దాన్ని తన వైపు లాగాలి. గదిలోకి నెట్టితే కింది ఇళ్ళ వంట వాసనలన్నీ మీకే. వంటింట్లోనూ చేయండి.

పిల్లలుంటే బాల్కనీ రెయిలింగ్ కొలవండి: ఎత్తు కనీసం 1.1 మీటర్లు, కడ్డీల మధ్య సందు 10 సెంటీమీటర్ల లోపు. అడ్డంగా వేసిన కడ్డీలు నిచ్చెనలా ఎక్కడానికి పనికొస్తాయి, కాబట్టి నిలువు కడ్డీలో, గాజో మేలు. బయటి వైపు కదలని అద్దాలుంటే వాటిని ఎవరు, ఎంతకోసారి తుడుస్తారో, ఏసీ బయటి యూనిట్ దగ్గరికి మెకానిక్ ఎలా చేరతాడో అడగండి.

దృశ్యానికి విడిగా డబ్బు అడుగుతుంటే ఎదురుగా ఉన్నదేమిటో చూడండి. ఖాళీ స్థలమో, రెండంతస్తుల పాత ఇళ్ళో అయితే అక్కడా రేపు ఒక టవర్ లేవొచ్చు. చెరువు, పార్కు లాంటివైతే కొంత నయం.

7. నెలకెంత, పదేళ్ళకెంత

వాయిదా ఒక్కటే చూసుకోవడం కొనేవాళ్ళు చేసే పెద్ద తప్పు. కాగితం మీద ఒక వరుసలో రాయండి: లోన్ వాయిదా, మెయింటెనెన్స్, ఆస్తి పన్ను, బీమా, పార్కింగ్, పెద్ద మరమ్మతుల కోసం పక్కన పెట్టాల్సింది. చివరిది అందరూ మరిచిపోతారు.

నాలుగంతస్తుల భవనంలో లేనన్ని యంత్రాలు ఇక్కడ ఉంటాయి, వాటన్నిటికీ ఆయుష్షు ఉంది. లిఫ్టులకు 20 నుంచి 25 ఏళ్ళు, పంపులకు 10 నుంచి 15. బయటి గోడలకు పెయింటు, సందుల సీలింగ్ అంతకన్నా తరచుగా వస్తాయి, పైగా 25 అంతస్తుల ఎత్తున మనుషుల్ని వేలాడదీసి చేయించాలి. అసోసియేషన్‌ను ఈ మూడు అడగండి: కార్పస్ ఫండ్‌లో (పెద్ద పనుల కోసం అసోసియేషన్ దాచిన నిల్వలో) ఇప్పుడెంత ఉంది? రాబోయే పదేళ్ళలో ఏ పెద్ద పనులున్నాయి? వాటికి అంచనా ఎంత? అంచనాలోంచి నిల్వ తీసేసి, ఫ్లాట్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేది మీ నెత్తిన పడబోయే మొత్తం. దాన్ని 120తో భాగించి నెల ఖర్చులో కలపండి.

మెయింటెనెన్స్ చుట్టుపక్కల భవనాల కన్నా బాగా తక్కువగా ఉంటే సంతోషపడకండి. చాలాసార్లు అది పనులు వాయిదా వేస్తున్నారనడానికి గుర్తు. అమెరికాలోని సర్ఫ్‌సైడ్‌లో 12 అంతస్తుల నివాస భవనం ఒకటి 2021 జూన్‌లో పాక్షికంగా కూలి 98 మంది చనిపోయారు. అందులో తీవ్రమైన నిర్మాణ నష్టం ఉందని ఒక ఇంజినీరు నివేదిక 2018లోనే చెప్పింది. మరమ్మతుల ఖర్చు మీద యజమానుల మధ్య చర్చలు సాగుతూనే ఉన్నాయి.

మినిట్స్ చదివేటప్పుడు "లీకేజీ", "తదుపరి సమావేశానికి వాయిదా", "బకాయిలు" అనే మాటలు ఎన్నిసార్లు వచ్చాయో గుర్తు పెట్టుకోండి. ఒకే లీకేజీ మూడేళ్ళుగా వస్తుంటే ఆ కమిటీ సంగతి తెలిసినట్టే. ఫ్లాట్లలో పదో వంతుకు మించి మెయింటెనెన్స్ బాకీ ఉంటే ఆ లోటును కడుతున్న వాళ్ళే మోస్తున్నారు. రేపు ఆ మోసేవాళ్ళలో మీరూ ఉంటారు.

అద్దెతో పోలిక ఇలా: అదే భవనంలో అలాంటి ఫ్లాట్‌కు ఏడాది అద్దె ఒక పక్క. ఏడాది లోన్ వడ్డీ, మెయింటెనెన్స్, పన్ను, మరమ్మతుల వాటా, మీరు ముందు కట్టిన సొమ్ము మీద పోగొట్టుకున్న వడ్డీ మరో పక్క. వాయిదాలో లోన్ అసలు కింద తీరే భాగం ఖర్చు కాదు, దాన్ని కలపకండి. రెండో పక్క ఎక్కువైతే, ఆ తేడా "సొంతిల్లు" అన్న తృప్తికి మీరు ఏటా కట్టే ధర. కట్టొచ్చు, తప్పులేదు. ఎంతో తెలిసి కట్టండి.

8. మార్చుకోగలిగేవి, మార్చలేనివి

ఎత్తైన భవనాలు చాలావాటిలో గోడలు ఎక్కువగా కాంక్రీటుతో పోసినవే, బరువు మోసేవే. అలాంటి గోడ కొట్టి గది పెంచుకోవడం కుదరదు, కొత్తగా పైపు వేయడానికి గాడి తవ్వడమూ కష్టం. ఫ్లోర్ ప్లాన్‌లో ఏవి బరువు మోసే గోడలో గుర్తు పెట్టించుకోండి. "తరవాత మార్చుకుందాం" అనుకున్న వాటిలో సగం ఇక్కడే కొట్టుకుపోతాయి. ఫోన్ సిగ్నల్ కూడా గది గదిలో చూడండి. పై అంతస్తుల్లో మాట తెగిపోవడం మామూలే.

9. తూకం

ఇప్పుడు రెండు కాగితాలూ తీయండి. "వద్దు" జాబితాలో ఒక్కటి తగిలినా ఇక మార్కులు వేయనక్కర్లేదు.

తగలకపోతే మీకు ముఖ్యమైనవి ఆరేడు రాసి, మొత్తం 100 వచ్చేలా బరువులు పంచండి. నెల ఖర్చుకు 25, ప్రయాణ దూరానికి 20, రక్షణకు 20... ఇలా మీ ఇష్టం. ఈ ఫ్లాట్‌కు, ఒక తక్కువ ఎత్తు భవనంలోని ఫ్లాట్‌కు, అద్దెకు ఉండిపోవడానికి ఒక్కో అంశంలో 0 నుంచి 5 మార్కులు వేయండి. బరువుతో గుణించి కూడండి. ఇద్దరూ విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా చేయాలి. కలిసి కూర్చుంటే గొంతు పెద్దదైన వాళ్ళ మార్కులే పడతాయి.

ఫలితం సరైనదో కాదో ఇలా సరిచూడండి:

- మీరు ఎక్కువ బరువిచ్చిన అంశాన్ని 10 తగ్గించి, ఆ 10 రెండో అంశానికి కలపండి. గెలిచేది మారిపోతే అది గెలుపు కాదు, సమానం. సమానమైతే ఖర్చు తక్కువున్నదాన్ని తీసుకోండి.
- ఒకే అంశంలో మీ ఇద్దరి మార్కులకు 2 కన్నా తేడా ఉంటే, ఆ అంశాన్ని ఇద్దరూ కలిసి మళ్ళీ వెళ్ళి చూడండి. మాటలతో తేల్చకండి.
- సౌకర్యాలకు, అంటే ఈత కొలను, క్లబ్‌హౌస్ లాంటి వాటికి వేసిన మార్కులు తీసేసి ఒకసారి కూడండి. అప్పుడు ఓడిపోతే, గత నెలలో అలాంటి వాటిని ఎన్నిసార్లు వాడారో గుర్తు చేసుకుని మళ్ళీ మార్కులు వేయండి.
- వడ్డీ రేటు 2 శాతం పెరిగినట్టు, మెయింటెనెన్స్ ఒకటిన్నర రెట్లైనట్టు లెక్క వేసి, నెల ఖర్చు మీరు పెట్టుకున్న వంతులోనే ఉందేమో చూడండి.

అడ్వాన్సు ఇచ్చే ముందు, చూడకుండా మిగిలిపోయిన పరీక్షలను ఒప్పందంలో షరతులుగా రాయించండి: ఫైర్ ధ్రువపత్రం, మరమ్మతుల బకాయి లేదన్న అసోసియేషన్ లేఖ, పార్కింగ్ స్థలం నంబరు. రాయడానికి ఒప్పుకోకపోతే అడ్వాన్సు జేబులోనే ఉంచండి.